పువ్వుకు పేరుంది... గీసిన చేతికేదీ?

సూర్యాపేట బస్టాండులోనో, కోదాడ సెంటర్లోనో, మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులోనో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా వరసగా పేర్చిన సీసాల్లో చాక్లెట్లు కనిపిస్తాయి. వాటి పేర్లు రెండో తరగతి పిల్లాడైనా గడగడా అప్పజెబుతాడు. మరి ఆ చాక్లెట్ ఏ చెట్టు గింజతో తయారవుతుంది? ఆ చెట్టు కాయ కొమ్మ చివర వేలాడుతుందా, మొదలుకు అంటుకుని ఉంటుందా? ఈ ప్రశ్న వేస్తే పిల్లలే కాదు, పెద్దలూ బుర్ర గోక్కోవాల్సిందే. తప్పు వాళ్లది కాదు. కోకో చెట్టుకు నీడ కావాలి, గాలిలో తేమ కావాలి. నల్లగొండ ఎండలు దానికి పడవు. రుచి ఊరూరికీ వచ్చింది కానీ చెట్టు రాలేదు.

మూడు వందల యాభై ఏళ్ల కిందట యూరప్ పరిస్థితీ అచ్చంగా ఇదే. లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో డబ్బున్నవాళ్లు చాక్లెట్‌ను పానీయంగా మరిగించుకుని తాగేవారు. గింజలు ఓడల్లో బస్తాలకొద్దీ దిగేవి. చెట్టును మాత్రం చూసినవాళ్లు అరుదు. పోనీ గింజ నాటుకుని చూద్దామంటే, అదీ కుదరదు. కాయలోంచి తీసి ఆరబెట్టిన కోకో గింజకు మొలకెత్తే శక్తి పోతుంది. సముద్రం దాటి వెళ్లగలిగింది ఒక్కటే... బొమ్మ!

యాభై రెండేళ్ల వయసులో ఓడెక్కింది

ఆ బొమ్మల్లో అందరికీ గుర్తుండిపోయిన ఒకటి మరియా సిబిల్లా మెరియన్ గీసింది. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఈమెకు చిన్నప్పటి నుంచీ పురుగులంటే ఆసక్తి. గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే క్రమాన్ని గంటల తరబడి చూసి రంగుల్లో దించేది. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్నకూతురు డొరోతియాను వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. ఆ రోజుల్లో ఆడవాళ్లు మగతోడు లేకుండా అంత దూరం వెళ్లడమే వింత. రెండేళ్లు అడవుల్లో, తోటల్లో తిరిగి, జబ్బు పడి 1701లో తిరిగొచ్చింది. 1705లో ఆమె అచ్చు వేయించిన పుస్తకంలో అరవై చిత్రపటాలున్నాయి. అందులో ఇరవై ఆరోది కోకో. ఆకులూ కాయలూ మాత్రమే కాదు, ఆ చెట్టును ఆశ్రయించుకుని బతికే పురుగునూ అదే పటంలో గీసింది. చెట్టు ఒంటరిది కాదు, దాని చుట్టూ ఒక కాపురం ఉంటుందని బొమ్మతోనే చెప్పింది.

ఆమెకు ఆ మొక్కల గురించి చెప్పింది ఎవరు? అక్కడి ఆదివాసులు, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. వాళ్ల దగ్గర తెలుసుకున్నానని మెరియన్ దాచకుండా రాసుకుంది. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఒక్క కాగితం మీద ఏడాది

మొక్క బొమ్మ గీయడమంటే గోడకు తగిలించుకునే పూలగుత్తి గీయడం కాదు. కోకోనే తీసుకుంటే చాలు, ఆ కష్టమేమిటో తెలుస్తుంది. మన పనస, మేడి చెట్లలాగే కోకో కూడా మొదలుకే, లావాటి కొమ్మలకే పూసి కాస్తుంది. ఈ సంగతి తెలియనివాడు గీస్తే కాయను మామిడిలా కొమ్మ చివర వేలాడదీస్తాడు. కాయేమో మూర పొడవున్న చేతిలో పట్టేంత పెద్దది, పువ్వేమో గోరంత. ఆ గోరంత పువ్వులో అయిదు రెక్కలు. ఒక్కో రెక్క మొదట్లో చిన్న సంచిలాంటి మడత. పుప్పొడి ఉండేది ఆ సంచిలోనే. కంటికి ఆనని సన్నటి దోమలాంటి ఈగ దూరితే తప్ప పిందె పడదు. వందల పూలు పూస్తే కాయలుగా నిలిచేవి నాలుగైదే. కాయ ముదరడానికి అయిదారు నెలలు పడుతుంది. అడ్డంగా కోస్తే తెల్లటి గుజ్జులో గింజలు అయిదు వరసల్లో కూర్చుని ఉంటాయి.

ఇవన్నీ ఒక్క కాగితం మీదికి రావాలి. ఆకు ఈనెలు లెక్క తప్పకూడదు. పువ్వును ఉన్నంత సైజులో ఒకసారి, విప్పి పెద్దది చేసి మరోసారి గీయాలి. కాయను బయటి నుంచి చూపాలి, కోసీ చూపాలి. ఫొటో ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. మంచి మొక్క బొమ్మ ఆ మొక్క ఏడాది బతుకునంతా ఒక్కచోట పెడుతుంది. అందుకే కెమెరాలు చేతిచేతికీ వచ్చాక కూడా, కొత్త మొక్కను లోకానికి పరిచయం చేసేటప్పుడు శాస్త్రవేత్తలు చేతితో గీసిన బొమ్మను జతచేస్తూనే ఉన్నారు.

కోకోకు 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రనామం థియోబ్రోమా కకావో. థియోబ్రోమా అంటే దేవతల ఆహారం. ఆ దేవతల ఆహారాన్ని గీసి తన పిల్లల ఆహారం సంపాదించుకున్న తల్లి కూడా ఒకామె ఉంది. పేరు బెర్త్ హూలా వాన్ నూటెన్. డచ్చి మహిళ. భర్త పోయాక అప్పులతో, పిల్లల బాధ్యతతో జావా దీవిలోని బటేవియా, అంటే ఇప్పటి జకార్తాలో స్థిరపడింది. అక్కడి పూలనూ పండ్లనూ గీసింది. ఆ నలభై చిత్రాలు 1863-64లో రంగుల్లో అచ్చయ్యాయి. అందులోని కోకో చిత్రం ఈరోజుకీ క్యాలెండర్ల మీద, గోడపటాల మీద కనిపిస్తూనే ఉంటుంది. సరదాకు కాదు, అవసరం కొద్దీ ఈ పనికి పూనుకున్నానని ఆమె ముందుమాటలో సూచించింది.

మెరియన్ పేరు నిలిచింది. వాన్ నూటెన్ పేరు నిలిచింది. మరి మన వైపు మొక్కల్ని గీసినవాళ్లో?

సామర్లకోటలో ఒక చిత్రకారుడు

కోదాడ దాటి, బెజవాడ మీదుగా ఏలూరు వైపు వెళితే పెదవేగి చుట్టుపక్కల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన కోకో చెట్లు కనిపిస్తాయి. సురినామ్‌లో మెరియన్ గీసిన చెట్టు చివరికి గోదావరి జిల్లాలకు వచ్చి చేరింది. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఇప్పుడు ఆంధ్రప్రదేశే ముందుంది. ఆ తోటలు దాటి ఇంకా ముందుకు, కాకినాడ దాకా వెళితే పక్కనే సామర్లకోట. మన మొక్కల బొమ్మల కథ మొదలైంది అక్కడే.

విలియం రాక్స్‌బరో స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చి, 1781లో సామర్లకోటకు బదిలీ అయ్యాడు. కంపెనీకి కావలసింది లాభం. మిరియం, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు ఈ నేలలో పండుతాయేమో చూడమంది. రాక్స్‌బరో ఆ పని చేస్తూనే, చుట్టూ ఉన్న చెట్టూ చేమా ఏమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాడు. పేరేమిటి, దేనికి వాడతారు, ఎప్పుడు పూస్తుంది... ఊళ్లోవాళ్లను అడిగి రాసుకున్నాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో అతని పుస్తకాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

రాతతో పాటు బొమ్మ కావాలి. అందుకోసం ఒక స్థానిక చిత్రకారుణ్ణి పనిలో పెట్టుకున్నాడు. అప్పటికే ఈ తీరంలో బట్ట మీద పువ్వులు దించడంలో చేయి తిరిగినవాళ్లకు కొదవలేదు. బందరు అద్దకం ఓడలెక్కి దేశాలు తిరుగుతున్న కాలమది. కానీ అద్దకంలో పువ్వు అందంగా ఉంటే చాలు, ఆరు రెక్కల పువ్వుకు ఎనిమిది పెట్టినా అడిగేవారుండరు. డాక్టరుగారికి గీయాలంటే మాత్రం కేసరాలు లెక్కపెట్టాలి. ఆకు కొమ్మకు ఎదురెదురుగా ఉందా, ఒకదాని తర్వాత ఒకటిగా ఉందా చూడాలి. కాయను కోసి గింజ ఎటు తిరిగి ఉందో చూపాలి. మొక్కల శాస్త్రం చదవని మనిషి, ఆ శాస్త్రానికే ఆధారమయ్యే బొమ్మ గీయాలి!

మోదుగనే చూడండి. ఆకు రాలాక పువ్వు. పువ్వు వాడాక కాయ. మూడూ సరిగా చూడాలంటే చిత్రకారుడు అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి.

అలా పోగైన చిత్రాల్లో అయిదు వందలు, వివరాలతో సహా, 1794 నాటికి లండన్‌లోని కంపెనీ పెద్దలకు అందాయి. సర్ జోసఫ్ బ్యాంక్స్ వాటిలోంచి మూడు వందలు ఏరాడు. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ పేరుతో 1795లో అచ్చు మొదలై, మూడు సంపుటాలు పూర్తయ్యేసరికి 1820 వచ్చింది. నిలువెత్తు కాగితాలు, ప్రతి పటానికీ చేతితో అద్దిన రంగులు. ఒక్కో మొక్క వివరంలో దాని శాస్త్రనామంతో పాటు ‘తెలింగల’ నోట దాని పేరేమిటో కూడా వేశారు. తెలింగలంటే తెలుగువాళ్లే.

ముష్టి పక్కనే చిల్ల

ఆ పుస్తకంలో ఉన్నవి సముద్రతీరం చెట్లే అనుకుంటే పొరపాటు. నల్లగొండ, సూర్యాపేట గుట్టల్లో తిరిగినవాళ్లకు వాటిలో చాలా చెట్లు చుట్టాలే. ఎర్రగా విరగబూసే మోదుగ ఇరవై ఒకటో పటం. దాని ఆకుతో ఇస్తరాకులు కుట్టుకున్నాం, పువ్వుతో హోలీ రంగు చేసుకున్నాం. బీడీలు చుట్టే తునికి చెట్టు నలభై ఆరోది. గట్టి కలపనిచ్చే బిల్లుడు అరవై నాలుగోది. బట్టలకు ఎర్రరంగునిచ్చిన చిరివేరు మూడోది.

అన్నిటికంటే ముచ్చటైనవి పక్కపక్కనే ఉన్న రెండు పటాలు. నాలుగోది ముష్టి, అయిదోది చిల్ల. రెండూ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. ఇంచుమించు అక్కాచెల్లెళ్లు. రెండింటి ఆకులూ ఎదురెదురుగా ఉంటాయి, రెండింటికీ ఆకు మొదట్లోంచే అయిదు దాకా ఈనెలు చీలుతాయి. కానీ గుణంలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా! చిల్లగింజను కుండ లోపల అరగదీసి బురదనీళ్లు పోస్తే మట్టి అడుక్కు దిగి నీళ్లు తేరుకుంటాయి. మన అమ్మమ్మల కాలం దాకా పల్లెల్లో తెలిసిన చిట్కానే. (తేరుకోవడమంటే మట్టి దిగడమే. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు ఇది మందు కాదు.) ముష్టిగింజ మాత్రం విషం. అందులో ఉండే స్ట్రిక్నిన్ కొద్దిగా లోపలికి వెళ్లినా ప్రాణం తీస్తుంది.

మరి తేడా ఎలా పట్టాలి? కాయలు చూడాలి. ముష్టి కాయ పెద్దది, పండితే నారింజ రంగు, లోపల బొత్తాముల్లాంటి చదును గింజలు. చిల్ల కాయ చిన్నది, పండితే నల్లన, సాధారణంగా ఒకటే గుండ్రటి గింజ. మాటల్లో చెబితే విన్నవాడు మరిచిపోవచ్చు. బొమ్మలో చూస్తే మరిచిపోడు. మొక్క బొమ్మలో ఒక గీత తప్పితే ఏమవుతుందని ఎవరైనా అడిగితే, ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. ఆ చిత్రకారుడి చెయ్యి తప్పలేదు.

పేర్ల పంపకం

ఇప్పుడు అసలు సంగతి. ఈ పుస్తకంతో ఎవరెవరికి పేరొచ్చింది?

మోదుగ ప్రజాతికి ‘బ్యుటియా’ అని పేరు పెట్టారు. ఎవరా బ్యుటియా అంటే... ఇంగ్లండులో ఒకప్పుడు ప్రధానమంత్రిగా చేసిన బ్యూట్ ప్రభువు. మోదుగ నీడన ఆయన ఒక్కరోజూ కూర్చోలేదు. మరో తీగకు రాక్స్‌బరో పేరు మీద ‘రాక్స్‌బర్గియా’ అన్నారు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టుకు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. తెలుగువాళ్లు పిలిచే పేరే తర్వాతి కాలంలో దాని ప్రజాతి పేరైంది. ‘సోయ్‌మిడా’ అని లోకంలో ఏ మొక్కల శాస్త్రవేత్త పలికినా అది మన సోమిదే. పుస్తకం అమ్మిన జార్జి నికోల్ పేరు ఉంది. పటాలను రాగిరేకుల మీద చెక్కిన మెకంజీ పేరు ఉంది.

చిత్రకారుడి పేరు? పుస్తకం ముందుమాటలో అతని గురించి ఉన్నది ఒక్క ముక్కే. మొక్కలు గీయడానికి ఒక చిత్రకారుణ్ణి ఎప్పుడూ పనిలో ఉంచుకున్నాడని. అంతే! ఊరు లేదు, పేరు లేదు.

అది ఆ కాలపు తీరు అని సరిపెట్టుకోవచ్చా? అంతకు నూరేళ్ల ముందే మలబారు తీరంలో డచ్చివాళ్లు అచ్చు వేయించిన ‘హోర్తస్ మలబారికస్’లో, మందుమొక్కల సంగతులు చెప్పిన ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడి పేరు ఉంది. ఆయన సాక్ష్యాన్ని ఆయన లిపిలోనే అచ్చు వేశారు. అందుకే ఇవాళ కేరళలో ఆయన్ని తలుచుకుంటున్నారు. కె.ఎస్. మణిలాల్ దశాబ్దాలు కష్టపడి ఆ లాటిన్ గ్రంథాన్ని ఇంగ్లిషులోకి, ఆ తర్వాత మలయాళంలోకి తెచ్చారు. పేరు రాయడానికి పట్టేది ఒక్క గీత సిరా. దాని ఫలితం మూడు వందల ఏళ్లు.

మన వైపు కూడా తర్వాతి తరంలో కాస్త న్యాయం జరిగింది. రాక్స్‌బరో తర్వాత మద్రాసులో మొక్కల మీద పనిచేసిన మరో స్కాట్లండ్ వైద్యుడు రాబర్ట్ వైట్. అతని దగ్గర వరసగా ఇద్దరు చిత్రకారులు పనిచేశారు. ముందు రంగయ్య, ఆ తర్వాత గోవిందు. తంజావూరులో స్థిరపడిన తెలుగు చిత్రకార కుటుంబాలవారని పరిశోధకులు భావిస్తున్నారు. 1838 నుంచి 1853 దాకా వైట్ వెలువరించిన ఆరు సంపుటాల్లో రెండు వేలకు పైగా పటాలున్నాయి. వాటి మూలన గీసినవారి పేర్లు కనిపిస్తాయి. అంతేకాదు, వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి ఏకంగా ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. ప్రధానమంత్రులకూ ప్రభువులకూ దక్కే గౌరవం కుంచె పట్టిన మనిషికి దక్కింది. ఆ ప్రజాతిని తర్వాత శాస్త్రవేత్తలు మరో ప్రజాతిలో కలిపేశారు, అది వేరే సంగతి. గోవిందు పేరు మాత్రం చరిత్రలో మిగిలింది. ఎడిన్‌బరో వృక్షశాస్త్ర ఉద్యానంలో ఉన్న ఈ ఇద్దరి చిత్రాల మీద 2007లో హెన్రీ నాల్టీ ప్రత్యేకంగా పుస్తకాలే రాశాడు.

సామర్లకోట చిత్రకారుడికి అలాంటి పుస్తకం రాయడానికి వీలే లేకుండా పోయింది. రాక్స్‌బరో 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్లాక అక్కడా చిత్రకారులు పనిచేశారు. అన్నీ కలిపి రెండున్నర వేలకు పైగా బొమ్మలయ్యాయి. ఒక ప్రతి కలకత్తాలో ఉంటే మరొకటి లండన్ దగ్గరి క్యూ తోటలో ఉంది. బొమ్మలు భద్రంగానే ఉన్నాయి.

చూపు పోతే చెట్టూ పోతుంది

ఇదంతా పాత కాగితాల గొడవ అనుకోవడానికి లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చాక మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా కనుచూపు మేరా వరిచేలే. ఈమధ్య సూర్యాపేట జిల్లాలో ఆయిల్‌పామ్ కూడా వేస్తున్నారు. పంట మారడం తప్పు కాదు, రైతుకు నాలుగు డబ్బులు రావాలి. కానీ బీడు, గుట్ట, గట్టు తగ్గినకొద్దీ మోదుగ, సోమిద, చిల్ల కూడా కంటికి దూరమవుతున్నాయి. చాక్లెట్ తెలిసి కోకో చెట్టు తెలియకపోతే పోనీ అనుకోవచ్చు, అది పొరుగు చెట్టు. మన గుట్ట మీది చెట్టు మన పిల్లలకే తెలియకపోతే? పేరు తెలియని చెట్టు నరికేవాడి కంటికి ఉత్త కట్టెపుల్ల.

దీనికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ మూడు సంపుటాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. బళ్లో ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు ఉంటే సరి. ఫాల్గుణంలో మోదుగ పూసినప్పుడు ఒక పువ్వు తెచ్చి విప్పితే అయిదు రెక్కలుంటాయి. ఒకటి వెనక్కి తిరిగి, రెండు పక్కలకు, మిగిలిన రెండూ అతుక్కుని చిలకముక్కులా వంగి ఉంటాయి. లోపల కేసరాలు పది. తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడి. పిల్లలు తాము చూసింది చూసినట్టు గీసి, కింద తెలుగులో చెట్టు పేరు రాయాలి. దాని పక్కన గీసినవాళ్ల పేరు కూడా రాయాలి.

ఆ తర్వాత రాక్స్‌బరో పుస్తకంలోని ఇరవై ఒకటో పటం తెరిచి, చేతిలోని పువ్వుతో పోల్చి చూడాలి. రెండు వందల ఏళ్లు దాటినా ఆ బొమ్మ చెట్టును పట్టిస్తుంది. అప్పుడు ఎవరో ఒక పిల్లో పిల్లాడో ‘ఇది గీసిందెవరు సార్?’ అని తప్పకుండా అడుగుతారు. చెప్పడానికి పేరు లేదు. కానీ ఆయన సామర్లకోటలో కూర్చుని గీశాడని, ఇక్కడి మనిషేనని మాత్రం చెప్పవచ్చు.